ఉక్కు కోయక ముందే తేలే లెక్క

ఒక ఓడ ఎంతకాలంలో పూర్తవుతుందన్నది యార్డులో ఎంతమంది వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్నారన్న దానికన్నా, వారి చేతికి ఏ డ్రాయింగు ఏ వరుసలో అందుతున్నదన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని గత ఎనభై ఏళ్ళ నౌకానిర్మాణ చరిత్ర చెబుతున్నది. ఆ వరుసను నిర్ణయించే పని ఇప్పుడు కంప్యూటరు నమూనాల్లో జరుగుతున్నది కాబట్టి, ఆ నమూనాలకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను రాసేవారూ, వాటి నుంచి డ్రాయింగులు తీసేవారూ సముద్రతీరానే కూర్చోవలసిన అవసరం లేకుండా పోయింది. విశాఖపట్నం రేవుకు ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, దక్కను రాతిగుట్టల నడుమ వెలసిన హైదరాబాద్ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలకు నౌకానిర్మాణంతో ఏర్పడిన సంబంధం ఈ విధమైనది. ఆ సంబంధం యార్డులో పనిని ఎంతవరకు వేగవంతం చేయగలదు, అడ్డు ఎక్కడ ఉన్నది అన్న ప్రశ్న, దేశం నౌకానిర్మాణానికి వేల కోట్లు కేటాయిస్తున్న ఈ తరుణంలో తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోదగినది. ఈ పరిశ్రమకు ఉన్న రెండు కొసలూ, అంటే ఉక్కు కోసే చోటూ డ్రాయింగు గీసే చోటూ, తెలుగు నేల మీదనే ఉన్నాయి.

ముందుగా నౌకానిర్మాణంలో ఉత్పాదకతను ఎలా కొలుస్తారో చూడాలి. సిమెంటు ఫ్యాక్టరీలోనైతే రోజుకు ఎన్ని బస్తాలన్న లెక్క సరిపోతుంది గాని, ఓడల విషయంలో టన్నుల లెక్క పక్కదారి పట్టిస్తుంది. బొగ్గు మోసే పెద్ద ఓడ లోపల చాలా భాగం ఖాళీ గిడ్డంగి కాగా, దానిలో మూడో వంతు పరిమాణం కూడా లేని ప్రయాణికుల ఓడలో వందలాది గదులు, వాటికి నీరు, విద్యుత్తు, చల్లగాలి అందించే గొట్టాలు, తీగలు కిక్కిరిసి ఉంటాయి. అందువల్ల ఓడ లోపలి ఘనపరిమాణాన్ని సూచించే గ్రాస్ టన్నేజీని ఓడ రకాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి కొన్ని గుణకాలతో సవరించి, ఆ ఓడ కట్టడానికి పట్టే శ్రమను సూచించే కొలతగా మార్చారు. దీనిని కాంపెన్సేటెడ్ గ్రాస్ టన్, సంక్షిప్తంగా సీజీటీ అంటారు. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ గణాంకాలన్నీ ఈ కొలతలోనే ఉంటాయి. ఒక్కో సీజీటీకి ఎన్ని పనిగంటలు పట్టాయన్నదే యార్డు ఉత్పాదకత. ఆ సంఖ్య ఎంత తగ్గితే యార్డు అంత సమర్థమైనది. యుద్ధనౌకలను ఈ కొలతలో ఇమడ్చడం కష్టం. అయినా పనిగంటలను తగ్గించే సూత్రాలు రెంటికీ ఒక్కటే.

ఆ సూత్రాలు రూపుదిద్దుకున్న తీరు ఆసక్తికరమైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో లిబర్టీ ఓడలు అనే సరుకు రవాణా నౌకలు 2,710 తయారయ్యాయి. వాటిలో పెద్ద వాటాను కట్టిన హెన్రీ కైజర్ అంతకు ముందు ఆనకట్టలు కట్టిన కాంట్రాక్టరే గాని ఓడలు కట్టినవాడు కాదు. బహుశా అందుకే, ఓడను అడుగు నుంచి పైకి ఒక్కో పలకా చేర్చుకుంటూ కట్టాలన్న ఆచారం ఆయనను కట్టిపడేయలేదు. రివెట్ల స్థానంలో వెల్డింగును విరివిగా వాడి, ఓడలోని పెద్దపెద్ద భాగాలను నేల మీద విడివిడిగా తయారుచేయించి క్రేన్లతో తెచ్చి అతికించడం వల్ల, మొదట్లో రెండు వందల రోజులకు పైగా పట్టిన ఓడ సగటున నలభై రెండు రోజులకు దిగివచ్చింది. 1942 నవంబరులో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ యార్డులో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను నాలుగున్నర రోజుల్లో పూర్తిచేసి నీటిలోకి దింపారు. అది ప్రచారం కోసం చేసిన విన్యాసమే అయినా, ముందుగా సిద్ధం చేసుకున్న భాగాలతో ఎంత వేగం సాధ్యమో చూపింది.

యుద్ధం ముగిశాక అమెరికా ఈ విద్యను దాదాపు మరచిపోగా, జపాన్ దానికి వారసురాలైంది. 1951లో నేషనల్ బల్క్ క్యారియర్స్ అనే అమెరికన్ సంస్థ హిరోషిమా సమీపంలోని కురే నౌకాదళ యార్డులో కొంత భాగాన్ని లీజుకు తీసుకొని, కైజర్ యార్డుల్లో పనిచేసిన ఎల్మర్ హాన్‌ను అక్కడ నియమించింది. ఆయన వద్ద పని నేర్చిన హిసాషి షింటో, తరువాత ఐహెచ్ఐ సంస్థలో ఆ పద్ధతికి గణాంకశాస్త్ర నియంత్రణను జోడించి, నేటి నౌకానిర్మాణానికి పునాది అయిన క్రమాన్ని తీర్చిదిద్దాడు. ఐటీ ఉద్యోగులకు నచ్చే విశేషం ఒకటున్నది: ఇదే షింటో 1985లో జపాన్ టెలికాం సంస్థ ఎన్‌టీటీకి తొలి అధ్యక్షుడయ్యాడు. డెబ్భైల చివరలో, ఎనభైల ప్రారంభంలో అమెరికన్ యార్డులు ఇదే పాఠాన్ని లూయీ చిరిల్లో వంటి ఇంజనీర్లు రాసిన గ్రంథాల ద్వారా జపాన్ నుంచి తిరిగి నేర్చుకోవలసి వచ్చింది.

షింటో క్రమంలోని అసలు మార్పు పనిని విభజించే పద్ధతిలో ఉన్నది. పాత పద్ధతిలో మొదట ఉక్కు దేహం మొత్తం సిద్ధమయ్యేది. ఆపైన మంచినీటి గొట్టాలవారు ఓడ ఈ చివర నుంచి ఆ చివర దాకా తమ గొట్టాలు వేసుకుపోయేవారు, తరువాత ఇంధన గొట్టాలవారు, తరువాత గాలి గొట్టాలవారు, చివరికి కరెంటు తీగలవారు వచ్చేవారు. దీనిని వ్యవస్థల వారీ పని అంటారు. ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన విధంగా ఆలోచించే డిజైనరుకు ఇదే సహజంగా తోస్తుంది. అయితే ఒకే ఇరుకు గదిలోకి నాలుగు బృందాలు నాలుగుసార్లు పరంజాలు కట్టుకొని దిగవలసి రావడం, ఒకరు వేసిన గొట్టం మరొకరి దారికి అడ్డం కావడం, పూసిన రంగును వెల్డింగు మంట కాల్చివేయడం ఇందులో తప్పవు. కొత్త పద్ధతిలో ఓడను బ్లాకులుగా, అంటే వందల టన్నుల బరువుండే పెద్ద పెట్టెల వంటి ఉక్కు ఖండాలుగా విభజించి, ప్రతి బ్లాకులో ఉండవలసిన గొట్టాలు, తీగల తట్టలు, నిచ్చెనలు, యంత్రాల పీఠాలు అన్నింటినీ ఆ బ్లాకు నేల మీద ఉండగానే బిగించి, రంగు కూడా వేసి, ఆ తరువాతే ఓడలో కలుపుతారు. పని ఇక్కడ వ్యవస్థను బట్టి కాక చోటును బట్టి సాగుతుంది. అవసరమైతే బ్లాకును తలకిందులుగా తిప్పి, పైకప్పుకు తగిలించవలసిన గొట్టాలను నేల మీద నిలబడి బిగించవచ్చు. తలెత్తి చేసే వెల్డింగు ఎంత కష్టమో, ఎంత నెమ్మదో ఆ పని చేసేవారికి తెలుసు.

నౌకానిర్మాణ ఇంజనీర్లు తరచుగా చెప్పుకొనే ఒకటి-మూడు-ఎనిమిది అనే మోటు లెక్క ఇక్కడిదే. వర్క్‌షాపులో ఒక గంటలో ముగిసే పని, అదే బ్లాకు మీద చేస్తే మూడు గంటలు, ఓడ నీటిలో దిగాక లోపల చేస్తే ఎనిమిది గంటలు పడుతుందని దాని భావం. అంకెలు ఓడను బట్టి, యార్డును బట్టి మారినా ఆ నిష్పత్తి చూపించే దిశ మారదు. కొచ్చిలో తయారై 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌లో దాదాపు 2,500 కిలోమీటర్ల విద్యుత్ తీగలు, 150 కిలోమీటర్ల గొట్టాలు ఉన్నాయంటే, వాటిలో ఎంత భాగాన్ని ఎనిమిది గంటల చోటు నుంచి ఒక గంట చోటుకు జరపగలిగారన్నది ఏళ్ళను శాసించే విషయమని అర్థమవుతుంది. అలా జరపాలంటే మాత్రం ఒక కఠినమైన షరతున్నది: బ్లాకు నేల మీద ఉన్నప్పుడే దానిలోని ప్రతి గొట్టం వంపు, ప్రతి రంధ్రం చోటు తేలిపోయి ఉండాలి, ఆ సామానంతా చేతికి వచ్చి ఉండాలి. డిజైను ఆలస్యమైతే బ్లాకు ఖాళీగానే ఓడలోకి వెళుతుంది. దానితో యార్డు తనకు తెలియకుండానే పాత పద్ధతికి జారిపోతుంది.

తెలుగు తీరంలో ఓడలు కట్టే విద్య కొత్తది కాదు. పదిహేడో శతాబ్దంలో నర్సాపురం పరిసరాల్లో ఆంగ్ల వర్తకులు తమ ఓడలు కట్టించుకున్నారు. కోరంగి పందొమ్మిదో శతాబ్దం దాకా నౌకానిర్మాణానికి, మరమ్మతులకు పేరుపడ్డ రేవు. ఉక్కు ఓడల యుగం మాత్రం వాల్‌చంద్ హీరాచంద్ సారథ్యంలోని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ విశాఖపట్నంలో తలపెట్టిన యార్డుతో మొదలైంది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన ఆ యార్డు, మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేసిన కష్టకాలాన్ని దాటుకొని, 1948 మార్చి 14న ఎనిమిది వేల టన్నుల జల ఉషను ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దింపింది. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకోవడంతో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. 1961లో పూర్తిగా ప్రభుత్వపరమై, 2010లో రక్షణశాఖ కిందికి మారింది. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని విశాఖవాసులు ఈనాటికీ సింధియా అనే పిలుస్తారు.

చిన్నా పెద్దా కలిపి రెండు వందల దాకా నౌకలు కట్టిన ఈ యార్డు చరిత్రలో ఉత్పాదకత సమస్యను కప్పిపుచ్చడం సాధ్యం కాదు. సింధుకీర్తి అనే జలాంతర్గామి 2006లో మరమ్మతుకు వచ్చి, బయటకు వెళ్ళడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. జలాంతర్గామిని విప్పి బాగుచేయడం కొత్త ఓడ కట్టడం కన్నా చిక్కైన పని అన్నది నిజమే గాని, విప్పిన తరువాత లోపల ఏమి బయటపడుతుందో, దానికి ఏ విడిభాగం ఎప్పుడు వస్తుందో తెలియకుండా మొదలుపెట్టిన పనికి ఎంత మూల్యం చెల్లించాలో ఆ ఉదంతం తెలుపుతుంది. ఇది విశాఖకు మాత్రమే పరిమితమైన జబ్బు కాదు. దేశంలో యుద్ధనౌకల నిర్మాణంపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2010-11లో ఇచ్చిన నివేదిక, ఉక్కు, యంత్రాలు సకాలంలో అందకపోవడంతో పాటు, నిర్మాణం మొదలయ్యాక కూడా డిజైనులో మార్పులు కొనసాగడాన్ని ఆలస్యాలకు కారణాలుగా పేర్కొన్నది.

ఈ మధ్య పరిస్థితి మెరుగైంది. ఎంత మెరుగైందో, ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి విశాఖ యార్డు కట్టిన నిస్తార్ మంచి ఉదాహరణ. సముద్రంలో లోతుకు దిగే గజ ఈతగాళ్ళకు, ఆపదలో చిక్కిన జలాంతర్గాముల సిబ్బందిని కాపాడే పనికి ఆసరాగా ఉండే ఈ 118 మీటర్ల నౌకకు ఒప్పందం 2018 సెప్టెంబరులో కుదిరింది. 2022 సెప్టెంబరులో అది తన జంట నౌక నిపుణ్‌తో పాటు జలప్రవేశం చేసింది. 2025 జూలై 8న నౌకాదళానికి అప్పగింత జరిగింది. కొవిడ్ మింగేసిన కాలాన్ని తీసివేసినా, జలప్రవేశానికీ అప్పగింతకూ మధ్య గడిచిన దాదాపు మూడేళ్ళ వ్యవధి గమనించదగినది. ముంబైలోని మజ్‌గావ్ డాక్ కట్టిన యుద్ధనౌక ఉదయగిరికి కూడా ఆ దశలో ముప్పై ఏడు నెలలు పట్టింది. సంక్లిష్టమైన నౌకల్లో పరీక్షలకే చాలాకాలం పడుతుందన్నది ఒప్పుకోవలసిందే. అయినా నీటిలోకి దిగిన తరువాత జరిగే ప్రతి పనీ ఎనిమిది గంటల చోటున జరిగే పని అన్న సంగతి గుర్తుంచుకుంటే, మన యార్డుల సమయం ఎక్కడ కరిగిపోతున్నదో వేరే వెతకనక్కరలేదు. ఉదయగిరి చెందిన నీలగిరి తరగతి నౌకలను ముందే సామగ్రి అమర్చిన బ్లాకులతో కట్టడం వల్ల మార్పు రాలేదని కాదు. ఆ వరుసలో మొదటిదైన నీలగిరికి 93 నెలలు పట్టగా, తారాగిరికి 81 నెలలు పట్టింది.

ఇప్పుడు విశాఖ ముందున్న పరీక్ష మరింత పెద్దది. సముద్రం మధ్యలో యుద్ధనౌకలకు ఇంధనం, నీరు, ఆహారం, మందుగుండు అందించే ఫ్లీట్ సపోర్ట్ నౌకలు ఐదింటిని, ఒక్కొక్కటి 44,000 టన్నుల బరువుతో, సుమారు 19,000 కోట్ల రూపాయల వ్యయంతో కట్టడానికి 2023 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2024 ఏప్రిల్ 10న మొదటి నౌకకు ఉక్కు కోయడం మొదలైంది. వీటిలో రెండింటి నిర్మాణాన్ని చెన్నై దగ్గరి కాట్టుపల్లిలోని ఎల్ అండ్ టీ యార్డుకు అప్పగించారు. ఈ ఒప్పందాన్ని ప్రకటించినప్పుడు ప్రభుత్వం దీనివల్ల ఎనిమిదేళ్ళలో దాదాపు 168.8 లక్షల పనిదినాల ఉపాధి కలుగుతుందని తెలిపింది. ఉపాధి కోణంలో ఆ మాటను తప్పుపట్టలేం. కాని పనిదినాలు ఎన్ని ఎక్కువైతే అంత గొప్ప అన్న భావన ప్రకటనల్లో స్థిరపడిపోవడం, అదే పనిదినాలను తగ్గించడం కోసం కొరియా యార్డులు ఏటా తలలు బద్దలు కొట్టుకుంటూ ఉండడం పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ దేశంలో నౌకానిర్మాణాన్ని ఏ కళ్ళతో చూస్తున్నారో బోధపడుతుంది.

ఇక సైబరాబాద్ వైపు రావాలి. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికే హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగుల పని ఒకటి వేళ్ళూనుకున్నది. బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి 1991లో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, కాగితం మీది పటాలను, డ్రాయింగులను కంప్యూటరులోకి ఎక్కించే పనితో మొదలై, విమాన ఇంజన్ల, రైళ్ళ భాగాల డిజైనుకు ఎదిగి, 2014లో సైయెంట్‌గా పేరు మార్చుకున్నది. ఒక యంత్రాన్ని ఊహించిన దేశం వేరు, దాని వివరాల డ్రాయింగులు గీసే నగరం వేరు, దాన్ని తయారుచేసే కర్మాగారం వేరు అన్న ఏర్పాటుకు హైదరాబాద్ అలవాటుపడింది ఇటువంటి సంస్థల వల్లనే. నౌకల డిజైనుకు వాడే రెండు ప్రధాన సాఫ్ట్‌వేర్‌ల వెనుక ఉన్న సంస్థలకు, అంటే ఆవేవాకూ, ఇంటర్‌గ్రాఫ్‌ను 2010లో సొంతం చేసుకున్న హెక్సగాన్‌కూ, ఈ నగరంలో పెద్ద అభివృద్ధి కేంద్రాలున్నాయి.

ఈ సాఫ్ట్‌వేర్ వంశచరిత్రలో ఒక ఘట్టం కాస్త వివరంగా చెప్పదగినది. స్వీడన్‌లోని మాల్మో నగరంలో కోకమ్స్ అనే యార్డు అరవైలలోనే ఓడ పలకలను కంప్యూటరు లెక్కలతో కోయించడానికి స్టీర్‌బేర్ అనే వ్యవస్థను తయారుచేసుకున్నది. ఎనభైలలో ఆసియా పోటీకి తట్టుకోలేక ఆ యార్డు వాణిజ్య నౌకల నిర్మాణాన్ని విడిచిపెట్టింది. నగరానికి గుర్తుగా నిలిచిన 138 మీటర్ల ఎత్తైన దాని క్రేనును 2002లో విప్పి కొరియాలోని ఉల్సాన్‌కు, హ్యుందాయ్ యార్డుకు తరలించారు. కాని యార్డు పోయినా దాని సాఫ్ట్‌వేర్ విభాగం బతికింది. నార్వేలో పుట్టిన ఆటోకాన్‌నూ, ఒక జర్మన్ వ్యవస్థనూ కలుపుకొని ట్రైబాన్ అనే పేరుతో అనేక దేశాల యార్డుల్లోకి ప్రవేశించి, 2004లో కేంబ్రిడ్జికి చెందిన ఆవేవాలో విలీనమైంది. అంటే మాల్మో యార్డు ఉక్కుబలం ఉల్సాన్‌కు పోగా, దాని బుద్ధిబలం చేతులు మారుతూ వచ్చి, హైదరాబాద్‌లో కార్యాలయం ఉన్న సంస్థకు దక్కిందన్నమాట. నౌకానిర్మాణంలో దేనికి ఆయుష్షు ఎక్కువో ఈ ఉదంతం చెప్పకనే చెబుతున్నది.

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లో ఓడ మొత్తం మూడు కొలతల నమూనాగా ఉంటుంది. అందులో ప్రతి ఉక్కు పలకకు ఒక సంఖ్య, ప్రతి గొట్టం ముక్కకు ఒక సంఖ్య ఉండి, ఏది ఏ బ్లాకుకు చెందినదో నమోదై ఉంటుంది. గాలి గొట్టం వెళ్ళే దారిలో ఉక్కు దూలం అడ్డు వస్తే దానిని క్లాష్ అంటారు. యార్డులో కనిపెడితే గ్యాస్ కట్టరుతో కోసి మళ్ళీ అతికించవలసిన ఆ తప్పును ఇక్కడ తెర మీదనే సరిదిద్దవచ్చు. ఒక పెద్ద పలకలో నుంచి ఎన్నో ముక్కలను వృథా తక్కువగా ఉండేటట్లు అమర్చే నెస్టింగ్, కోత యంత్రానికి నేరుగా అందే ఆదేశాలు, వర్క్‌షాపులో వంచి సిద్ధం చేయవలసిన గొట్టపు ముక్కల డ్రాయింగులు, ఒక బృందం ఒక విడతలో చేయవలసిన పనికి కావలసిన సామానంతటినీ ఒకే చోట పేర్చి అందించడానికి పనికొచ్చే ప్యాలెట్ జాబితాలు, అన్నీ ఈ నమూనా నుంచే వెలువడతాయి. చివరిదైన ప్యాలెట్ జాబితా చూడడానికి గుమాస్తా పనిలా కనిపించినా, ఉత్పాదకత దృష్ట్యా బహుశా అన్నింటికన్నా విలువైనది అదే. నైపుణ్యం గల వెల్డరు ఒక వాల్వు కోసమో, ఒక బ్రాకెట్ కోసమో స్టోర్సు చుట్టూ తిరిగే సమయం ఏ డ్రాయింగులోనూ కనబడదు, పనిగంటల ఖాతాలో మాత్రం పడుతుంది.

నమూనా ఎంత చక్కగా ఉన్నా యార్డులోని ఉక్కు దాని మాట వింటుందన్న హామీ లేదు. వెల్డింగు వేడికి సాగిన పలక చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, కొన్నిసార్లు మెలిపడుతుంది. ఒక్కో అతుకు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లే తగ్గినా, వందలాది అతుకులున్న బ్లాకు కొలత చివరికి గణనీయంగా మారిపోతుంది. ఈ భయంతో యార్డులు బ్లాకు అంచుల్లో, దర్జీ బట్టలో మడత వదిలినట్లు, అదనపు ఉక్కును వదిలి, స్లిప్‌వే అనే నిర్మాణ వేదిక మీద పక్క బ్లాకుతో కలిపేటప్పుడు కొలుచుకొని కోస్తాయి. అలా ఆఖరి నిమిషంలో, ఎత్తున, క్రేను బ్లాకును పట్టుకొని ఎదురుచూస్తుండగా చేసే కోత ఎంత ఖరీదైనదో చెప్పనక్కరలేదు. పైగా అంచుల వద్ద గొట్టాలను ముందుగా బిగించడం కూడా దానివల్ల అసాధ్యమవుతుంది. జపాన్ యార్డులు దీనికి కనుక్కొన్న విరుగుడు, ప్రతి దశలో ప్రతి ముక్కనూ కొలిచి, ఏ మందం పలకకు, ఏ రకం అతుకుకు సగటున ఎంత కుదింపు వస్తున్నదో, ఆ సగటు చుట్టూ ఎంత తేడా ఉంటున్నదో గణాంకాలు పోగుచేసి, ఆ మేరకు పలకను మొదటే పెద్దదిగా కోయడం. దీనిని అక్యురసీ కంట్రోల్, అంటే కొలతల నియంత్రణ అంటారు. పలకకు ఎంత కుదింపు వాటా కలపాలో నమోదు చేసే వీలు నౌకల డిజైను సాఫ్ట్‌వేర్‌లో ఎప్పటినుంచో ఉన్నది. అందులో ఏ అంకె వేయాలో చెప్పవలసింది మాత్రం యార్డులో టేపు, లేజరు పట్టుకొని కొలిచే మనిషి.

హైదరాబాద్ సంబంధంలోని అసలు లోటు ఇక్కడ బయటపడుతుంది. డ్రాయింగులు నగరం నుంచి రేవుకు వెళ్ళడానికి దారి సుగమంగా ఉన్నది. కొలతలు రేవు నుంచి నగరానికి తిరిగి రావడానికి అంతటి దారి లేదు. ఇంజనీరింగ్ సేవలకు చెల్లింపులు సాధారణంగా ఇంజనీర్ల పనిగంటల లెక్కనో, డ్రాయింగుల సంఖ్య లెక్కనో జరుగుతాయి. అటువంటి ఏర్పాటులో డ్రాయింగు గడువులోగా పంపడంతో డిజైనరు బాధ్యత తీరిపోతుంది. ఆ డ్రాయింగు ప్రకారం బిగించిన గొట్టాన్ని యార్డులో మళ్ళీ విప్పవలసి వస్తే ఆ ఖర్చు యార్డుదే, ఆ సంగతి గీసినవారికి చేరేది సవరణ కోరుతూ వచ్చే ఒక ఈ-మెయిలు రూపంలో మాత్రమే. వెల్డరు చేతిలోని టార్చి తల పట్టడానికి ఎంత సందు కావాలో, మోకాళ్ళ మీద పాకవలసిన అడుగు ట్యాంకులో స్పానరు తిప్పడానికి చోటెంత ఉంటుందో, ఒక్కసారైనా బ్లాకు లోపలికి దిగని యువ ఇంజనీరుకు తెర నేర్పలేదు. అతని తెలివితేటల లోపం కాదిది, పని ఏర్పాటు లోపం. ఇంజనీర్లను విడతలవారీగా కొన్ని నెలలు యార్డులో ఉంచడం, డ్రాయింగుల విడుదలను వ్యవస్థల వారీగా కాక బ్లాకుల నిర్మాణ వరుసలో ఒప్పందంలోనే రాసుకోవడం, చెల్లింపులో కొంత భాగాన్ని యార్డులో జరిగే పునఃకార్యానికి, అంటే చేసిన పనినే మళ్ళీ చేయవలసి రావడానికి, ముడిపెట్టడం వంటివి కొత్త ఆవిష్కరణలు కావు. డిజైను కార్యాలయం యార్డు గోడల లోపలే ఉన్న రోజుల్లో వీటిలో చాలావరకు అడగకుండానే జరిగిపోయేవి. కృత్రిమ మేధ గురించి, ఓడకు ప్రతిరూపంగా కంప్యూటరులో పెరిగే డిజిటల్ ట్విన్ గురించి సైబరాబాద్ సదస్సుల్లో వినిపించే మాటలకు కొదవ లేదు గాని, కట్టిన బ్లాకు కొలతలు నమూనాలోకి తిరిగి చేరనంతకాలం ఆ ప్రతిరూపం కట్టాలనుకున్న ఓడకు ప్రతిరూపమే తప్ప కట్టిన ఓడకు కాదు.

ప్రయోగశాల, కర్మాగారం రెండు వైపులా మాట్లాడుకుంటే ఏమవుతుందో హైదరాబాద్ ఆగ్నేయాన ఒక దాఖలా ఉన్నది. యుద్ధనౌకలకు కావలసిన ప్రత్యేక ఉక్కు విదేశాల నుంచి అందడం కష్టమైనప్పుడు, కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్ 249 రకం ఉక్కులను రూపొందించింది. స్టీల్ అథారిటీ కర్మాగారాల్లో అవి తయారై, విక్రాంత్‌కు దాదాపు ముప్పై వేల టన్నులు చేరాయి. ఉక్కు సూత్రం ఒక్కటి కనుక్కుంటే సరిపోలేదు. దానికి తగిన వెల్డింగు సామగ్రి, పలకను చుట్టే పద్ధతి, యార్డులో అతికించే విధానం అన్నీ కలిసి స్థిరపడవలసి వచ్చింది.

2025 సెప్టెంబరు 24న కేంద్ర మంత్రివర్గం నౌకానిర్మాణానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీని ఆమోదించింది. ప్రపంచ నౌకానిర్మాణంలో తొంభై శాతానికి పైగా చైనా, కొరియా, జపాన్ దేశాలదే కాగా, ఒక శాతం వాటా కూడా లేని దేశానికి ఇది పెద్ద ప్రయత్నమే. ఆంధ్రప్రదేశ్‌లో దుగరాజపట్నం వద్ద నౌకానిర్మాణ కేంద్రం నెలకొల్పే ప్రతిపాదన కూడా ఈ క్రమంలో ముందుకు వచ్చింది. డాక్‌లు, క్రేన్లు డబ్బుతో వస్తాయి. ఒకే డిజైనుతో వరుసగా కట్టే ఓడల్లో ఒక్కొక్కదానికీ పనిగంటలు తగ్గుతూ పోవడాన్ని అభ్యాస రేఖ అంటారు. ఆ తగ్గుదల మాత్రం తనంతట తాను రాదు, మొదటి ఓడలో ఏ బ్లాకు ఎంత తప్పిందో, ఏ గొట్టం మళ్ళీ కోయవలసి వచ్చిందో రాసి పెట్టుకొని రెండవ ఓడ డ్రాయింగును దిద్దిన చోటే వస్తుంది. ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకలు ఒకే డిజైనువి, కట్టే యార్డులు రెండు. విశాఖ వెల్డర్ల చేతిలో వచ్చే కుదింపూ కాట్టుపల్లి వెల్డర్ల చేతిలో వచ్చే కుదింపూ ఒకేలా ఉండవు కాబట్టి, ఒకే నమూనాకు రెండు రకాల దిద్దుబాట్లు అవసరమవుతాయి. ఆ దిద్దుబాట్లు మూడవ నౌక ఉక్కు కోతకు ముందే నమూనాలోకి చేరితే మిగిలిన నౌకలకు పనిగంటలు తగ్గుతాయి, చేరకపోతే ఐదవ నౌక కూడా మొదటి నౌకలాగే తయారవుతుంది.